ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత

కృష్ణ సముద్రంలో కలిసే చోటున్న దివిసీమలో పెద్దవాళ్లను వయసు అడిగితే సంవత్సరం చెప్పరు. "ఉప్పెన నాటికి మా పెద్దోడు చంకలో ఉన్నాడు" అని లెక్క కడతారు. వాళ్లు చెప్పే ఉప్పెన 1977 నవంబరు 19, శనివారం వచ్చింది.

ఆ తుపాను తీరం దాటింది చీరాల వైపు. మునిగింది మాత్రం దివిసీమ. మన దగ్గర తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిరుగుతుంది. అందుకే సముద్రం నుంచి ఒడ్డు వైపు చూస్తే, అది తీరం దాటే చోటికి కుడిపక్క సముద్రాన్ని ఊళ్ల మీదికి తోస్తుంది, ఎడమపక్క నీళ్లను వెనక్కి లాగేస్తుంది. చీరాలకు కుడిపక్క నిజాంపట్నం, నాగాయలంక, కోడూరు ఉన్నాయి. పైగా అక్కడ సముద్రం లోతు తక్కువ. గాలి తోసిన నీటికి కిందికి పోయే చోటు లేక పైకి లేస్తుంది. ఆ రోజు అయిదు మీటర్ల ఎత్తున లేచింది. సోర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్లలో తాటాకు ఇళ్లు నిలబడలేదు, తాటిచెట్లు నిలబడ్డాయి. చెట్టెక్కి మొవ్వును కావలించుకున్నవాళ్లలో కొందరు బతికారు. తెల్లారాక చూస్తే తుమ్మకంపలకు మనుషులూ గొడ్లూ కలిసే చిక్కుకుని ఉన్నారు. చుట్టూ నీళ్లే, అన్నీ ఉప్పు కయ్యలే, తాగడానికి గుక్కెడు లేవు. పోయినవాళ్లు పది వేలకు పైనే.

అంతమంది ఆ లంకల్లో, ఆ పల్లపు నేలలో ఎందుకున్నారు? దీనికి జవాబు ఉప్పెనలో దొరకదు, కరువులో దొరుకుతుంది.

1832-33లో, నందన నామ సంవత్సరంలో వానలు లేక గుంటూరు సీమ ఎండిపోయింది. డొక్కల కరువంటే అదే. అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని ఆనాటి లెక్కలు. ఆ దెబ్బతో శిస్తు రాబడి కూడా పడిపోయాకే కంపెనీ దొరలకు నది నీళ్లు గుర్తొచ్చాయని నా అనుమానం. ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. వెంటనే బెజవాడ దగ్గర కృష్ణకూ ఆనకట్ట పడింది. కాలువ వెళ్లిన ప్రతిచోటా వరి పండింది, వరి పండిన చోటికి జనం వచ్చారు. తర్వాతి రోజుల్లో పులిగడ్డ అక్విడక్టు (కాలువను నది పాయ మీదుగా దాటించే వంతెన) మీదుగా దివిసీమకూ కృష్ణ నీళ్లు చేరాయి. కరువు నుంచి కాపాడిన నీళ్లే జనాన్ని ఉప్పెన దారిలోకి తెచ్చి కూర్చోబెట్టాయి.

ఆ దారి కొత్తదేమీ కాదు. గోదావరి పాయ మీది కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. బర్మాకు వలసపోయిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలని పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1789లో ఒకసారి, 1839లో మరోసారి సముద్రం దాన్ని తుడిచిపెట్టింది. 1839లో మూడు లక్షల మంది చనిపోయారని రాస్తుంటారు. అంత చిన్న రేవులో అంతమంది ఎక్కడి నుంచి వచ్చారో, నాకైతే నమ్మబుద్ధి కాదు. కలకత్తాలో ఉండి కోరంగి తుపాను వివరాలు రాసిన హెన్రీ పిడింగ్టన్ పాము చుట్ట అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి సైక్లోన్ అనే పేరు తయారుచేశాడు. 1864 నవంబరు 1న మచిలీపట్నం వంతు వచ్చింది. ఒక్క రాత్రిలో ముప్ఫై వేల మంది పోయారు. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ పోటీపడిన ఆ బందరు రేవు మళ్లీ తేరుకోలేదు. అంతకు నెల ముందే కలకత్తాను ఇంకో తుపాను ముంచింది. ఆ తర్వాత వానలు కూడా దెబ్బకొట్టడంతో 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది.

శాఖ పుట్టిన వందేళ్లకు కూడా దివిసీమ మునిగింది. విశాఖలో తుపాను రాడార్ 1970 నుంచే ఉంది. వాయుగుండం సముద్రంలో ఉన్నప్పుడే కబురు తెలుస్తోంది. ఆ కబురును లంకలోని ఇంటి గుమ్మం దాకా తెచ్చి, జనాన్ని లేపి, మెరక మీదికి తీసుకెళ్లే ఏర్పాటే సరిగ్గా లేదు. 1977 తర్వాత మారింది అదే. ఊరూరా తుపాను షెల్టర్లు లేచాయి. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే దాటింది. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. 1996లో కోనసీమ తుపాను మాత్రం వేటకెళ్లిన మత్స్యకారులను సముద్రంలోనే పట్టేసింది. ఒడ్డున ఉన్నవాళ్లకు షెల్టరు ఉంటుంది, పడవలో ఉన్నవాడికి ఏముంటుంది?

ఇప్పుడు సముద్రం ఇంకో రకంగా వస్తోంది, చప్పుడు లేకుండా. గత శతాబ్దం మొదలు నుంచి ప్రపంచ సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. వేడెక్కిన నీటి మీద తుపానులు త్వరగా బలపడుతున్నాయి. మరోపక్క డెల్టాను పోసి పెంచిన ఒండ్రు ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లోనే ఆగిపోతోంది. కొత్త మట్టి రాని డెల్టా తనంతట తాను కుంగుతుంది. దానికి తోడు ఎండాకాలంలో కాలువ నీళ్లు చివరి ఊళ్లకు అందవు. అప్పుడు పోటు నీరు మురుగు కాలువల్లోంచి పైకి ఎగదన్నుతుంది. చేలో తెల్లగా ఉప్పు తేలుతుంది, వరి మోకాలెత్తున ఆగి ఎర్రబడుతుంది. రెండేళ్లు చూసి రైతు ఆ చేనును రొయ్యల చెరువుకు లీజుకిచ్చేస్తాడు. చెరువులో ఉప్పునీరు గట్టు కింద నుంచి పక్క చేలోకి దిగుతుంది. మూడో ఏడు ఆ పక్క చేను రైతు కూడా లీజుకిచ్చేవాడి కోసం వెతుకుతుంటాడు.