బీరు సీసా, గ్లిజరిన్ భయం

మొన్న వేసవిలో ఒక రాత్రి చిత్తూరులోని మా అక్క ఇంటి మిద్దె మీద మా మేనల్లుడు, అతని స్నేహితులు ఇద్దరు బీరు సీసాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి కాస్త మొహమాటపడ్డారు గానీ, చేస్తున్న పని మాత్రం ఆపలేదు. పెద్ద గాజు జాడీలో నీళ్ళు నింపి, మూత తీసిన సీసా మూతిని బొటనవేలితో మూసి, సీసాను తలకిందులు చేసి, మూతి నీళ్ళలో మునిగాక వేలు తీశారు. సెల్‌ఫోను వెలుతురులో చూస్తే మూతి దగ్గర నుంచి నూనె జారినట్టు సన్నని ధారలు మెలికలు తిరుగుతూ జాడీ అడుక్కి దిగుతున్నాయి. “సూడు మామా, గ్లిజరిన్ ఎట్ల దిగతా ఉండాదో! ఇదంతా పోయినాక తాగితే ఒంటికేమీ కాదు” అన్నాడు మేనల్లుడు.

మన దేశంలో బీరు నిల్వ ఉండడానికి కంపెనీలు గ్లిజరిన్ కలుపుతాయనీ, మర్నాటి తలనొప్పికీ, కడుపులో మంటకూ, పొట్ట పెరగడానికీ అదే కారణమనీ చాలామంది గట్టిగా నమ్ముతారు. తాము తాగే దాంట్లో ఏముందో తెలుసుకోవాలన్న కోరికను నేను తక్కువ చేయను. అయితే ఆ ధారలు నిజంగా గ్లిజరినేనా అన్నది పరీక్షించి చూడదగిన ప్రశ్న, ఆ పరీక్షకు పెద్ద ప్రయోగశాల కూడా అక్కరలేదు.

మర్నాడు పొద్దున అదే జాడీ, అదే ఖాళీ సీసా తీసుకుని వరండాలో కూర్చున్నాం. మొదట సీసాలో మామూలు నీళ్ళు పోసి తలకిందులు చేస్తే ఏ ధారా కనిపించలేదు. తర్వాత మా వైపు ప్రతి బంకులోనూ దొరికే నన్నారి షర్బత్ పాకాన్ని నీళ్ళలో బాగా పలచగా కలిపి పోశాం. వేలు తీయగానే రాత్రి కనిపించిన మెలికలే మళ్ళీ కనిపించాయి. కారణం సాంద్రత. చక్కెర కరిగిన నీరు మామూలు నీటికంటే కొంచెం బరువుగా ఉంటుంది కాబట్టి కిందికి జారుతుంది, దాని స్థానంలోకి జాడీలోని నీరు పైకెక్కుతుంది. రెండు ద్రవాలు కలిసే అంచు దగ్గర వెలుతురు వంగడం వల్ల ఆ ప్రవాహం మన కంటికి జిగట ధారలా కనిపిస్తుంది. బీరులో కూడా, దాన్ని పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్టు తినలేక వదిలేసిన పిండి పదార్థాలు మిగిలి ఉండి, ఆల్కహాలు తేలికైనదే అయినా, మొత్తం మీద దాన్ని నీటికంటే కాస్త బరువుగా ఉంచుతాయి. అంటే జాడీలోకి దిగుతున్నది బీరే, సీసాలోకి ఎక్కుతున్నది నీరే. మందుల షాపులో కొన్న గ్లిజరిన్‌ను ఒక చెంచా నీళ్ళలో బాగా కలిపి మరో సీసాలో రాత్రంతా కదపకుండా ఉంచి కూడా చూశాం. టీలో కరిగిన చక్కెర తిరిగి అడుగున చేరనట్టే, నీటిలో కలిసిపోయిన గ్లిజరిన్ కూడా విడిపోయి కిందికి దిగలేదు.

అలాగని బీరులో గ్లిజరిన్ అసలే ఉండదని చెప్పలేం. ఎవరూ కలపకపోయినా ఉంటుంది. ఈస్టు చక్కెరను పులియబెట్టేటప్పుడు ఆల్కహాలుతో పాటు కొద్దిగా గ్లిజరిన్‌ను కూడా తయారుచేస్తుందని 19వ శతాబ్దంలోనే లూయీ పాశ్చర్ నిరూపించాడు. లీటరు బీరులో ఇది సాధారణంగా ఒకటి నుంచి మూడు గ్రాముల దాకా ఉంటుంది, ద్రాక్ష సారాలో అంతకంటే ఎక్కువ. ఇంత పలచటి మోతాదు దేన్నీ నిల్వ ఉంచలేదు. నిల్వకు పనికిరావాలంటే గ్లిజరిన్ పాకంలా చిక్కగా ఉండాలి. బీరు చెడిపోకుండా కాపాడేవి దానిలోని ఆల్కహాలు, పులుపు, అందులో వేసే హాప్స్ అనే పూల చేదు, బొగ్గుపులుసు గ్యాసు, సీసాను వేడిచేసే పాశ్చరైజేషను. ఇక శరీరానికి గ్లిజరిన్ కొత్తదేమీ కాదు. మన శెనక్కాయల నూనె బరువులో దాదాపు పదో వంతు గ్లిజరిన్ ఇమిడి ఉంటుంది, ఆ కొవ్వును శరీరం పూర్తిగా విడగొట్టినప్పుడు అది బయటపడుతుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో ఉండే గ్లిజరిన్, రెండు దోసెలకు కాస్త ధారాళంగా వేసే నూనెలో ఉండేదానికి దగ్గరగా ఉంటుంది.

ఈ భయం పూర్తిగా గాలిలోంచి పుట్టిందని కూడా నేను అనుకోవడం లేదు. 1986లో బొంబాయిలోని జె.జె. ఆసుపత్రిలో వైద్యం కోసం ఇచ్చిన గ్లిజరిన్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉండడం వల్ల 14 మంది చనిపోయారు. 2020 జనవరిలో బ్రెజిల్‌లోని బెలో హొరిజొంచి ప్రాంతంలో ఒక రకం బీరు తాగినవారికి మూత్రపిండాలు పాడై పలువురు మరణించినప్పుడు, ఆ బీరులో దొరికింది కూడా ఇదే విషం. అది బీరుకు రుచికోసమో నిల్వకోసమో కలిపింది కాదు, తొట్టెలను చల్లబరిచే ద్రవం బీరులోకి చేరింది. గ్లిజరినూ, ఈ గ్లైకాలూ రెండూ తియ్యగా, జిగటగానే ఉంటాయి, కానీ శరీరంలో అవి చేసే పని పూర్తిగా వేరు. రెంటినీ ఒకే గాటన కడితే అసలు ప్రమాదాన్ని గుర్తించే చూపు మొద్దుబారుతుంది.

2014లో అమెరికాలో సరిగ్గా ఇలాంటి పొరపాటే పెద్ద ఆందోళనగా మారింది. బీరు నురుగు నిలవడానికి కొందరు వాడే ప్రొపిలీన్ గ్లైకాల్ ఆల్జినేట్‌ను, ఇంజన్లలో గడ్డకట్టకుండా పోసే ద్రవంతో ముడిపెట్టి ప్రచారం చేశారు. నిజానికి అది సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినిక్ ఆమ్లంతో తయారయ్యే వేరే పదార్థం. కరివేపాకు పేరులో వేపాకు ఉన్నంత మాత్రాన చారు చేదెక్కదు కదా!

అయితే నురుగు కోసం కలిపిన పదార్థమే ప్రాణాలు తీసిన సందర్భం ఒకటి ఉంది. కలిపే పదార్థాల మీద అనుమానాలన్నిటినీ కొట్టిపారేసేవారు దాన్ని తప్పక తెలుసుకోవాలి. 1960లలో బార్లలో గ్లాసులు కడిగే సబ్బు పొడుల అవశేషాల వల్ల బీరు నురుగు వెంటనే అణిగిపోతూంటే, కొన్ని కంపెనీలు అతి కొద్దిగా, అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు దరిదాపుల్లో, కోబాల్ట్ లవణం కలపసాగాయి. 1965-66లో కెనడాలోని క్విబెక్ నగరంలో రోజూ విపరీతంగా బీరు తాగే 48 మంది గుండె కండరాలు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు, వారిలో 20 మంది చనిపోయారు. వైద్యులను తికమక పెట్టిన సంగతి ఏమిటంటే, రక్తహీనతకు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కోబాల్ట్‌ను మందుగా తీసుకున్న రోగుల గుండెలు బాగానే ఉన్నాయి. చివరికి తేలింది ఇది: రోజూ లీటర్ల కొద్దీ బీరు, దానితో ఆల్కహాలు, సరైన తిండి లేక మాంసకృత్తుల కొరత, వీటన్నిటి మీదికి కోబాల్ట్ వచ్చి చేరింది. కలపడం ఆపేశాక కొత్త కేసులు ఆగిపోయాయి. ఎవరికి వచ్చింది, ఏది తాగారు, ఎంత తాగారు, అది తీసేస్తే ఏమైంది అన్న నాలుగు ప్రశ్నలూ అక్కడ అడిగారు, నాలుగింటికీ జవాబు దొరికింది. గ్లిజరిన్ వదంతి విషయంలో మొదటి ప్రశ్న దగ్గరే దారి మూసుకుపోతుంది.

నిల్వ కోసం కలిపే సల్ఫైట్ల మాట కూడా తరచుగా వినిపిస్తుంది. మామిడి రసానికీ స్క్వాష్‌కూ కె.ఎం.ఎస్. (పొటాషియం మెటాబైసల్ఫైట్) పొడి కలపడం మన చిత్తూరు జిల్లాలో తెలిసినవారు ఎందరో ఉంటారు, ఆ జాతి పదార్థమే ఇది. ఉబ్బసం ఉన్న కొందరికి పడదు, వారు లేబులు చూసుకోవాలి. మిగిలినవారి తలనొప్పిని దానికి అంటగట్టడానికి గట్టి ఆధారం లేదు.

ఆ రోజు వరండాలో మేనల్లుడు అడిగిన చివరి ప్రశ్న న్యాయమైనదే: “అట్లయితే పొద్దున్నే తల పగిలేది దేనివల్ల మామా?” సీసా తిప్పి లేబులు చూపించాను. స్ట్రాంగ్ బీరు, 7 శాతం ఆల్కహాలు. 650 మిల్లీలీటర్లలో 7 శాతమంటే 45 మిల్లీలీటర్లు దాటుతుంది, బరువులో దాదాపు 36 గ్రాములు. అదే సీసాలోని గ్లిజరిన్‌కు ఇది దాదాపు ఇరవై రెట్లు లేదా ఆ పైన. ఈ ఆల్కహాలే ఒంట్లోని నీటిని మూత్రంగా పోగొట్టి, నిద్రను చెడగొట్టి, కాలేయంలో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయాలను మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్ద పేగు, రొమ్ము క్యాన్సర్లకు దానికి సంబంధం ఉంది. ఇంతమాత్రం తాగితే పూర్తిగా సురక్షితం అని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. సీసాను జాడీలో ముంచినప్పుడు ఒలికిన బీరుతో కొంత ఆల్కహాలు పోయిన మాట నిజమే గానీ, గ్లిజరిన్ పోయిందన్న ధైర్యంతో ఆ కుర్రవాళ్ళు రెండో సీసా తెరవడం నా కళ్ళతో చూశాను.

సగటు మనిషి కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే వదిలించగలదు. రాత్రి తొమ్మిదికి తిరుపతిలో ఒక్క స్ట్రాంగ్ సీసా ముగించి మోటారు సైకిలెక్కినవాడు చంద్రగిరి దాటి, పూతలపట్టు దాటి, పదిన్నరకు చిత్తూరు చేరేసరికి అందులో దాదాపు సగం ఇంకా అతని ఒంట్లోనే తిరుగుతూ ఉంటుంది.