నీళ్ల మధ్య గంటగోపురం: రేసియా సరస్సు కింద ఊరి కథ

ఇటలీ ఉత్తర కొసన, ఆస్ట్రియా సరిహద్దుకు కూతవేటు దూరంలో రేసియా సరస్సు ఉంది. నీళ్లలోంచి ఓ చర్చి గంటగోపురం నిటారుగా పైకి లేచి ఉంటుంది. దాని పక్కన చర్చి లేదు, ఊరు లేదు. రోడ్డు పక్కనే పార్కింగ్ ఉండటంతో బస్సులు ఆగుతాయి. జనం దిగి, గోపురం, వెనక కొండలు ఒకే ఫ్రేములో పడేలా ఫొటో తీసుకుని మళ్లీ బస్సెక్కేస్తారు. చాలా అందమైన చోటు, సందేహం లేదు. అయితే 14వ శతాబ్దంలో ఆ గోపురం కట్టినప్పుడు అక్కడ నీళ్లు లేవు. చుట్టూ గడ్డిమైదానాలు, పశువుల కొట్టాలు, గ్రౌన్ అనే ఊరు ఉండేవి. 1950 వేసవిలో ఆ ఊరిని ముంచేశారు.

ఈ ప్రాంతంలో ప్రతి ఊరికీ రెండు పేర్లు. జర్మన్‌లో గ్రౌన్, ఇటాలియన్‌లో కురోన్. జర్మన్‌లో రేషెన్, ఇటాలియన్‌లో రేసియా. ఊరు మునగడానికి, ఈ రెండు పేర్లకు దగ్గరి సంబంధమే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఇదంతా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం. యుద్ధంలో ఓడాక, 1919 ఒప్పందంతో ఈ ప్రాంతం, అంటే దక్షిణ టిరోల్, ఇటలీ చేతికి వెళ్లింది. ఇంట్లో, చర్చిలో, సంతలో జర్మన్ తప్ప మరో భాష ఎరగని రైతులు వేరే దేశపు పౌరులయ్యారు. ముస్సోలినీ వచ్చాక బడుల్లో జర్మన్ ఆపేశారు, ఊళ్లకు ఇటాలియన్ పేర్లు పెట్టారు. 1939లో హిట్లర్, ముస్సోలినీ కలిసి ఇంకో మెలిక పెట్టారు: జర్మనీకి వెళ్లిపోతారా, ఇక్కడే ఉండి ఇటాలియన్లుగా మారిపోతారా, తేల్చుకోమన్నారు. ఎక్కువమంది వెళ్తామనే రాసిచ్చారు. యుద్ధం వల్ల వాళ్లలో చాలామంది కదలనే లేదు. కానీ ఆ ఒక్క సంతకంతో వాళ్ల పౌరసత్వం త్రిశంకు స్వర్గంలో పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆనకట్ట వ్యవహారం ముదిరింది. అసలు అక్కడ ముందునుంచీ మూడు చిన్న సహజ సరస్సులు వరసగా ఉండేవి. ఇటలీలో రెండో పొడవైన నది ఆడిజే పుట్టేది ఇక్కడే. ఈ నీళ్లతో కరెంటు తీయొచ్చన్న ఆలోచన 1920లోనే ఉంది. అప్పటి ప్లాన్ ప్రకారం నీటిమట్టం 5 మీటర్లు పెంచితే చాలు. అలా జరిగి ఉంటే ఊళ్లు బతికేవి. 1939లో మోంతెకాతీని అనే పెద్ద పారిశ్రామిక సంస్థ ముందుకొచ్చి, పైనున్న రెండు సరస్సులను కలిపేసి మట్టాన్ని 22 మీటర్లు పెంచుతామంది. 5 మీటర్లు 22 అయ్యేసరికి లోయలో చదునుగా ఉన్న నేలంతా ముంపులోకి వచ్చింది.

ఊరి జనానికి ఈ సంగతి తెలియజేసిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. యుద్ధకాలంలో ఒక నోటీసు అంటించారు. అది ఇటాలియన్‌లో ఉంది. చదవాల్సిన వాళ్లలో చాలామందికి ఆ భాష రాదు. తమ ఇల్లు, పొలం, పూర్వీకుల సమాధులు ఎంత లోతున మునుగుతాయో చెప్పే కాగితం కళ్లెదుటే గోడకు వేలాడుతున్నా అందులో ఏముందో వాళ్లకు తెలియలేదు. అభ్యంతరం చెప్పుకునే గడువు అలాగే గడిచిపోయింది. చట్టప్రకారం అంతా సరిగ్గానే జరిగినట్టు ఫైలులో ఉంటుంది!

యుద్ధంతో పనులు నత్తనడకన సాగాయి. ఫాసిస్టు ప్రభుత్వం కూలింది, ఇక గండం గడిచిందని జనం అనుకున్నారు. కానీ ప్రభుత్వం మారినా ప్లాన్ మారలేదు. 1947లో మోంతెకాతీని మళ్లీ పని మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఒక విద్యుత్ సంస్థ 3 కోట్ల స్విస్ ఫ్రాంకులు అప్పిచ్చింది. దానికి బదులుగా చలికాలంలో ఇక్కడి కరెంటు ఆ దేశానికి వెళ్లాలి. ఊరి ఫాదర్ ఆల్ఫ్రెడ్ రీపర్ జనాన్ని కూడగట్టారు. రోమ్ దాకా వెళ్లి పోప్ 12వ పయస్‌ను కలిసి మొరపెట్టుకున్నారు. ఫలితం లేకపోయింది.

1950 జులైలో గోపురం నుంచి గంటలు దించారు. వారం తిరక్కముందే చర్చిని పేల్చేశారు. పాతకాలపు కట్టడంగా రక్షణ ఉండటంతో గోపురం ఒక్కటే మిగిలింది. ఇళ్లను కూడా ఒక్కొక్కటిగా కూల్చారు. మొత్తం 163 ఇళ్లు, 523 హెక్టార్ల భూమి నీళ్లపాలయ్యాయి. గ్రౌన్ పూర్తిగా, రేషెన్‌లో చాలా భాగం పోయాయి. ఇచ్చిన పరిహారం ఏ మూలకూ చాలలేదు. సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున చదును నేల దొరకడమే గగనం. పశువులకు చలికాలపు గడ్డి పండేది ఆ నేలమీదే. అది పోయాక చేతిలో డబ్బున్నా కొనడానికి భూమి లేదు. శ్రీశైలం ముంపు గ్రామాల గోడు విన్నవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. కొన్ని కుటుంబాలు పైన కట్టిన తాత్కాలిక షెడ్లలో తలదాచుకున్నాయి, చాలా కుటుంబాలు లోయే వదిలి వెళ్లిపోయాయి. ఉన్నవాళ్లు గట్టుమీద కొత్త గ్రౌన్ కట్టుకున్నారు. ఆ పంచాయతీ చిహ్నంలో ఇప్పటికీ ఉన్నది ఆ గోపురమే.

తర్వాత పర్యాటకం వచ్చింది. సరస్సు గడ్డకట్టిన చలికాలంలో మంచుమీద నడుచుకుంటూ వెళ్లి గోపురాన్ని చేత్తో తాకొచ్చు. ఆ రోజుల్లో నీటి అడుగునుంచి గంటలు మోగుతాయని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది గానీ, గంటలను ముందే దించేసిన సంగతి ఆ కథలో ఉండదు. 2009లో గోపురానికి మరమ్మతులు చేశారు. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో కురోన్ పేరుతోనే ఒక సిరీస్ వచ్చి ఈ చోటును ఇంకా ఎక్కువమందికి తెలిసేలా చేసింది. 2021 వసంతంలో పనుల కోసం నీళ్లు తాత్కాలికంగా తగ్గించినప్పుడు మాత్రం అసలు ఊరు కాసేపు బయటపడింది. పగుళ్లిచ్చిన బురదలో రాతి మెట్లు, నేలమాళిగలు, మోకాలెత్తు గోడలు. మెట్లు ఉన్నాయి, అవి ఎక్కి చేరాల్సిన ఇల్లు లేదు. ఆ దృశ్యం ముందు గోపురం ఫొటో నాకు వెలవెలబోయినట్టు అనిపించింది.

వెళ్లాలనుకునేవాళ్లు మెరానో పట్టణం నుంచి మాల్స్ అనే ఊరి దాకా రైల్లో వెళ్లొచ్చు. మూతపడిన ఆ లైను 2005లో మళ్లీ తెరుచుకుంది. అక్కడినుంచి పైకి బస్సు ఉంటుంది. పది నిమిషాల స్టాపుగా కాకుండా ఒక రాత్రి ఉండండి. చుట్టూ సైకిల్ బాట ఉంది, గట్టువెంట కొత్త గ్రౌన్, రేషెన్, సాంక్ట్ వాలెంటీన్ ఊళ్లు వస్తాయి. చివరిదాని దగ్గర ఆనకట్ట దాటి కిందికి దిగితే హైడర్ సరస్సు కనిపిస్తుంది. చిన్నది, ఒడ్డున పచ్చిక. ముంపుకు ముందున్న మూడు సరస్సుల్లో మిగిలింది అదొక్కటే. పైన ఉన్న రెండూ ఒకప్పుడు ఎలా ఉండేవో దాన్ని చూసి ఊహించుకోవచ్చు.