పింగాణీ పళ్లెంలో స్టేక్: వార్డ్‌ఎయిర్ జ్ఞాపకాల వెనక చరిత్ర

కెనడాలో విమాన ప్రయాణం మీద ఫిర్యాదులు మొదలైతే చాలు, అరవై దాటినవారి నోట ఒక పేరు వస్తుంది: వార్డ్‌ఎయిర్. పెట్టెకు వేరే రుసుము, సీటు ఎంచుకోవడానికి వేరే రుసుము, పొట్లంలో చుట్టిన రొట్టెకు కూడా కార్డు తీయాల్సిన ఈ రోజుల్లో, ఎకానమీ ప్రయాణికుడికి రాయల్ డౌల్టన్ పింగాణీ పళ్లెంలో వేడివేడి స్టేక్ వడ్డించిన సంస్థ ఉండేదంటే ఈ తరం నమ్మదు. అలాంటి సంస్థ నిజంగానే ఉండేది. మద్యానికి కూడా డబ్బు అడిగేవారు కాదు. 1989లో ఆ సంస్థ అమ్ముడుపోయింది. ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి విమానాల మీద ఆ పేరే లేకుండా పోయింది.

ఆ రోజుల్ని తలచుకునేవారు యజమాని మంచి మనసు గురించి చెబుతారు. ఆ మాట నిజమే. కానీ ఆ పళ్లెం వెనక ఒక లెక్క కూడా ఉంది. దాన్ని సాధ్యం చేసినవి, విచిత్రంగా, ఆ యజమాని జీవితమంతా పోరాడిన నిబంధనలే. సంస్థ ఎందుకు అంత బాగుండేదో, ఎందుకు నిలవలేదో రెండింటికీ సమాధానం అక్కడే దొరుకుతుంది.

మాక్స్ వార్డ్ 1921లో ఎడ్మంటన్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడా వైమానిక దళంలో చేరి కొత్తవారికి విమానం నడపడం నేర్పారు. 1946లో ఒక ఫాక్స్ మాత్ విమానం కొనుక్కుని, ఉత్తరాన ఎల్లోనైఫ్‌లో పోలారిస్ చార్టర్ అనే చిన్న వ్యాపారం పెట్టారు. ముందున్న ఇరుకు గదిలో ముగ్గురో నలుగురో కూర్చుంటే, వారి వెనక కాస్త ఎత్తులో పైలట్ కూర్చుని నడిపే విమానం అది. ఎల్లోనైఫ్ బంగారు గనుల ఊరు. చుట్టూ రోడ్లు లేవు. గనులకు మనుషుల్నీ సరుకుల్నీ చేరవేయాలి, వేసవిలో సరస్సు నీటి మీద, చలికాలంలో గడ్డకట్టిన మంచు మీద దిగాలి. ఈ పని చేసేవారిని కెనడాలో బుష్ పైలట్లు అంటారు. ఆ దేశపు జానపద వీరుల్లో వారికీ చోటుంది.

లైసెన్సు చిక్కులతో ఆ తొలి ప్రయత్నం నిలవలేదు. 1953లో సొంత లైసెన్సు సంపాదించి, ఒక ఆటర్ విమానంతో వార్డ్‌ఎయిర్‌ను మొదలుపెట్టారు. తర్వాత బరువైన యంత్రాలు మోసే బ్రిస్టల్ ఫ్రైటర్లు వచ్చాయి. వాటిలో ఒకటి 1967లో ఉత్తర ధ్రువం దగ్గర మంచు మీద చక్రాలతోనే దిగింది. ఆ విమానాన్ని ఎల్లోనైఫ్‌లో స్మారకంగా నిలబెట్టారు.

వార్డ్ చూపు మాత్రం అప్పటికే దక్షిణం వైపు మళ్లింది. 1960ల మొదట్లో ఒక డీసీ-6తో అట్లాంటిక్ మీదుగా చార్టర్లు, అంటే విమానాన్ని మొత్తంగా అద్దెకిచ్చే ప్రయాణాలు, నడపడం ప్రారంభించారు. 1966లో బోయింగ్ 727, రెండేళ్లకు 707, 1973లో 747 చేరాయి. ఆ జెట్లకు పంచ్ డికిన్స్, వాప్ మే, సై బెకర్ వంటి బుష్ పైలట్ల పేర్లు పెట్టారు. లండన్‌కు వెళ్లే జంబో జెట్ ముక్కు మీద మంచుదారుల పైలట్ పేరు చదివి ఎక్కడం ప్రయాణికులకు ఇష్టంగా ఉండేదంటే ఆశ్చర్యం లేదు.

ఆ ప్రయాణికుల్లో ఎక్కువమంది ఎవరో చూస్తే ఈ అభిమానం ఎంత లోతైనదో అర్థమవుతుంది. యుద్ధం తర్వాత బ్రిటన్ నుంచి కెనడాకు వలస వచ్చినవారు లక్షల్లో ఉన్నారు. కన్నవారు అక్కడ, పిల్లలు ఇక్కడ. అట్లాంటిక్ దాటే రెగ్యులర్ సర్వీసుల ఛార్జీలు ప్రభుత్వాల ఆమోదంతో, విమాన సంస్థల ఒప్పందాలతో నిర్ణయమయ్యేవి. మధ్యతరగతి కుటుంబానికి అవి అందనంత ఎత్తులో ఉండేవి. సముద్రం అవతల అమ్మానాన్నల్ని వదిలి వచ్చిన తెలుగు కుటుంబాలకు ఆ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లోని గాట్విక్‌కో మాంచెస్టర్‌కో ప్రెస్ట్‌విక్‌కో చౌకగా తీసుకెళ్లిన విమానం వారికి ఇంటి గుమ్మం లాంటిది.

చౌకగా తీసుకెళ్లడానికి మాత్రం చట్టం అంత సులువుగా ఒప్పుకునేది కాదు. 1937లో ప్రభుత్వమే స్థాపించిన ట్రాన్స్-కెనడా ఎయిర్‌లైన్స్, అంటే 1965 నుంచి ఎయిర్ కెనడా, ఆ ఆకాశానికి ముద్దుబిడ్డ. రెండో పెద్ద సంస్థ కెనడియన్ పసిఫిక్‌కు కూడా దేశం ఈ చివర నుంచి ఆ చివరకు రోజుకు ఒక్క విమానం నడుపుకొనే అనుమతి 1959 దాకా దక్కలేదు. అలాంటి చోట ఎల్లోనైఫ్ నుంచి వచ్చిన పైలట్‌కు రెగ్యులర్ మార్గం ఎవరిస్తారు? మిగిలింది చార్టరే. అందులోనూ షరతులున్నాయి. విమానాన్ని ఒక సంఘం మొత్తంగా అద్దెకు తీసుకోవాలి. ఆ సంఘం ప్రయాణం కోసం పుట్టినది కాకూడదు. ప్రయాణించేవారు కనీసం ఆరు నెలలుగా అందులో సభ్యులై ఉండాలి. టికెట్లను పత్రికల్లో ప్రకటించి అమ్మకూడదు.

ఫలితం ఊహించగలిగిందే. తోటపని సంఘాలూ, ఊరి పేరున వెలసిన మిత్రమండలులూ ఒక్కసారిగా కిటకిటలాడాయి. అధికారులు సభ్యత్వ జాబితాలు తిరగేశారు. అమ్మను చూడటానికి బయల్దేరిన మనిషి తాను ఫలానా సంఘ సభ్యుడినేనని నిరూపించుకోవాల్సి రావడం నా దృష్టిలో క్రూరమైన విషయం. వార్డ్‌కు నియంత్రణ సంస్థల మీద జీవితాంతం ఉన్న కోపం అక్కడిదే. 1970ల మొదట్లో ఆ నిబంధన పోయి, నెలల ముందు డబ్బు కట్టి ఎవరైనా చార్టర్‌లో సీటు కొనుక్కునే పద్ధతి వచ్చింది. వార్డ్‌ఎయిర్ అసలు వైభవం అప్పుడు మొదలైంది.

ఇప్పుడు ఆ లెక్క సంగతి. రెగ్యులర్ సర్వీసు ప్రయాణికులు సగమే ఉన్నా వేళకు బయల్దేరి తీరాలి. చార్టర్‌లో దాదాపు ప్రతి సీటూ ముందే అమ్ముడై ఉంటుంది, డబ్బూ ముందే చేతికొస్తుంది. ఎంతమంది తింటారో వంటగదికి ముందే తెలుసు. ఖాళీ సీట్ల మీద పోయే సొమ్ము ఇక్కడ మిగిలేది. ఆ మిగులులో కొంత పళ్లెంలోకి వెళ్లేది. చార్టర్ అంటే పశువుల బండి అనే చెడ్డపేరు ఆ రోజుల్లో ఉండేది. దాన్ని తుడిచేయాలన్న పట్టుదల వార్డ్‌ది. ఒకే తరగతి క్యాబిన్ కాబట్టి ఆ మర్యాద తెర వెనక కొందరికే పరిమితం కాలేదు, చివరి వరుస దాకా అందింది. నాకు ఆ సంస్థ చరిత్రలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

నిబంధనలు మరోవైపు పోటీదారుల చేతుల్నీ కట్టేశాయి. 1958లో అట్లాంటిక్ మీద ఎకానమీ తరగతి మొదలైనప్పుడు, ఆ టికెట్టుకు శాండ్‌విచ్ మించి పెట్టకూడదని సంస్థలు ఒప్పందం రాసుకున్నాయి. స్కాండినేవియన్ సంస్థ తన శాండ్‌విచ్‌లను మరీ ఘనంగా పేర్చిందని అమెరికా సంస్థ పాన్ ఆమ్ ఫిర్యాదు చేసింది. స్కాండినేవియన్ సంస్థకు జరిమానా పడింది. వడ్డన మీద కూడా కాపలా ఉన్న వ్యవస్థ అది. దాని బయట నిలబడ్డ వార్డ్‌ఎయిర్ తన ఇష్టం వచ్చినట్టు వడ్డించగలిగింది.

1984లో రవాణా మంత్రి లాయిడ్ ఆక్స్‌వర్తీ నియంత్రణల సడలింపు ప్రకటించారు. మరుసటి ఏడాది బ్రిటన్‌కు, 1986లో దేశంలోపల రెగ్యులర్ సర్వీసులు నడిపే అవకాశం వార్డ్‌ఎయిర్‌కు వచ్చింది. 1988 జనవరి 1 నుంచి కొత్త రవాణా చట్టం అమల్లోకి వచ్చి తలుపులు పూర్తిగా తెరిచింది. వార్డ్ నలభై ఏళ్లుగా అడుగుతున్నది దొరికింది. దాంతోపాటు ఆ పాత లెక్క తలకిందులైంది.

టొరంటో నుంచి వాంకూవర్‌కు పనిమీద వెళ్లే ఉద్యోగికి గంటగంటకూ విమానం కావాలి. అది అందించాలంటే ఎన్నో విమానాలు ఉండాలి, వాటిలో ఖాళీ సీట్లను భరించాలి. వార్డ్ కొన్నవి ఎయిర్‌బస్ ఏ310లు: సుదూర ప్రయాణాలకు చక్కనివి, గంటగంటకూ నడపడానికి పెద్దవి. ఎయిర్ కెనడా 1984లోనే ఏరోప్లాన్ పేరిట తరచూ ప్రయాణించేవారికి బహుమతుల పథకం పెట్టింది. పెద్ద సంస్థలు రెండూ చిన్న ఊళ్ల విమాన సంస్థల్లో వాటాలు కొని, అక్కడి ప్రయాణికుల్ని తమ విమానాలకు మళ్లించుకున్నాయి. ట్రావెల్ ఏజెంట్లు టికెట్లు తీసే జెమినై కంప్యూటర్ వ్యవస్థ కూడా వారిద్దరిదే. ఛార్జీల యుద్ధం మొదలయ్యాక వార్డ్‌ఎయిర్ నష్టాల్లో పడింది. కొత్త విమానాల అప్పు నెత్తిన ఉంది. వడ్డన మాత్రం చివరిదాకా తగ్గలేదు.

1989 జనవరిలో, కెనడియన్ పసిఫిక్‌ను కలుపుకుని ఏర్పడిన కెనడియన్ ఎయిర్‌లైన్స్ మాతృసంస్థ పీడబ్ల్యూఏ వార్డ్‌ఎయిర్‌ను 24.8 కోట్ల కెనడా డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. పోటీదారుడు తప్పుకున్నాడన్న సంతోషం వారికీ ఎక్కువ కాలం మిగల్లేదు. వార్డ్‌ఎయిర్ అప్పులు తోడై, ఆ వెంటనే మాంద్యం వచ్చి కెనడియన్ కోలుకోలేకపోయింది. ఏ310ల్లో ఐదు సైన్యానికి చేరాయి. 2000లో కెనడియన్ ఎయిర్‌లైన్స్‌ను ఎయిర్ కెనడా స్వాధీనం చేసుకుంది.

అలా వార్డ్‌ఎయిర్‌లో మిగిలిందేదైనా ఉంటే, అది వార్డ్ ఎదురొడ్డిన సంస్థకే చేరింది. కెనడా నుంచి బయల్దేరే తెలుగువారిలో ఎందరో ఇవాళ ఎక్కేది ఆ సంస్థ విమానాలే. మాక్స్ వార్డ్ ఇదంతా చూశారు. 2020 నవంబరులో, 99వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, ఎడ్మంటన్‌లో కన్నుమూశారు.