మంట వెలిగిందని ఫర్నేస్‌కెలా తెలుస్తుంది?

అమెరికాలోని మినియాపొలిస్ నుంచి ఒక పాఠకుడు రాశారు: "బయట మైనస్ 20 డిగ్రీలు. బేస్‌మెంట్‌లో, ఇంటిని వెచ్చబరిచే గ్యాసు ఫర్నేస్ వెలుగుతుంది, నీలం మంట కళ్లారా కనిపిస్తుంది, నాలుగైదు సెకన్లకు టక్కున ఆరిపోతుంది. మూడు నాలుగు సార్లు అలా చేసి ఇక మొరాయిస్తుంది. మా దగ్గరికొచ్చిన అమ్మ, ఇంట్లో నిప్పు ఇలా కొండెక్కుతుంటే మంచిది కాదని బెంగ పెట్టుకుంది."

అమ్మగారి బెంగ నాకు అర్థమైంది. దీపం ఆరిపోయిందని నోటితో అనలేక 'కొండెక్కింది' అనుకునే వాళ్లం మనం. కానీ ఈ మంటను ఆర్పుతున్నది ఫర్నేసే. ఎదుట మంట ఉన్నా లేదనుకుని తన చేత్తో తనే గ్యాసు కట్టేస్తోంది.

మంట అసలు రాకపోతే కథ వేరు. వేడి కావాలని థర్మోస్టాట్ అడగ్గానే పొగను బయటికి తోసే చిన్న ఫ్యాను తిరగాలి, ఆ లాగుడు ప్రెషర్ స్విచ్‌కు అందాలి, గ్యాసును అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలాలి, అప్పుడే గ్యాసు వాల్వు తెరుచుకుంటుంది. ఎక్కడ తెగినా మంట రాదు. గోడ బయటి ప్లాస్టిక్ గొట్టం మూతిని మంచు మూసేసిందేమో ముందు చూసుకోండి. ఇదంతా నడిపే సర్క్యూట్ బోర్డు మీది లైటు ఎన్నిసార్లు మెరిస్తే ఏ లోపమో ఫర్నేస్ తలుపు లోపలివైపు కాగితం మీద రాసుంటుంది. వచ్చిన మంట ఆరిపోతుంటే మాత్రం నా అనుమానం మొదట ఫ్లేమ్ సెన్సర్ మీదికే పోతుంది.

సైకిల్ చక్రం పుల్లకన్నా కాస్త లావుగా ఒక లోహపు ఊచ, నడుముకు తెల్లటి పింగాణీ తొడుగు, వెనక ఒకే ఒక వైరు. సెన్సరంటే ఇంతే. దాని కొస మంటలో మునిగి ఉంటుంది. అది వేడిని కొలుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మంటలోంచి కరెంటు పారుతోందా లేదా అని చూస్తుంది.

గాలిలో కరెంటు పారదని బడిలో చెప్పి అక్కడితో ఆపేస్తాం. ఆవేశం ఎక్కించిన విద్యుద్దర్శిని దగ్గరికి కొవ్వొత్తి తెచ్చి, విడిపోయిన రేకులు వాలిపోవడం ఒక్కసారి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు. మంటలో ఆవేశాలు పుడతాయి కాబట్టే అలా జరుగుతుంది. ఫర్నేస్ గ్యాసులోని మీథేన్ కాలేటప్పుడు సీహెచ్ అనే అణువు ముక్క ఆక్సిజన్ పరమాణువును ఢీకొంటే ఒక ధన అయానూ ఒక విడి ఎలక్ట్రానూ పుడతాయి. ఆ ధనావేశం చాలావరకు నీటి అణువును చేరి హైడ్రోనియం అయాను అవుతుంది. దాని బరువు ఎలక్ట్రానుకు దాదాపు 35 వేల రెట్లు. కిటుకంతా ఈ తేడాలోనే ఉంది.

జాతర మైదానం ఊహించుకోండి. ఒక పక్క ఇరుకు సందు, అది మన ఊచ. రెండో పక్క వెడల్పాటి బాట, అది ఎర్త్ చేసిన బర్నర్ లోహం. మైదానం నిండా కుర్రాళ్లు, బరువెక్కిన ఎడ్లబండ్లు. కుర్రాళ్లు ఎలక్ట్రాన్లు, బండ్లు అయాన్లు. బోర్డు ఊచకు సుమారు 80 నుంచి 120 వోల్టుల ఏసీ ఇస్తుంది, అంటే సెకనుకు 60 ఆవృత్తాల చొప్పున అటూ ఇటూ మారే పిలుపు. ఊచ ధనంగా ఉన్నప్పుడు కుర్రాళ్లు సందువైపు పరిగెడతారు, ఎంత ఇరుకైనా దూరిపోతారు. బండ్లు వెడల్పు బాట పడతాయి. పిలుపు తిరగబడగానే బండ్లు సందుకు రావాలి. అవి కదిలేలోపే పిలుపు మళ్లీ మారుతుంది, వచ్చినవాటిలో ఒకటీ అరా తప్ప ఆ ఇరుకులో పట్టవు. రెండు వైపులా సమానంగా పిలిచినా రాకపోకలు ఒకవైపే ఎక్కువ. అలా ఏసీలోంచి చిన్న డీసీ పుడుతుంది, మామూలుగా 1 నుంచి 6 మైక్రోఆంపియర్లు.

ఈ ఒకవైపు మొగ్గే నాకు అద్భుతంగా తోస్తుంది! వైరు తొడుగు చిరిగి ఇనుముకు తగిలినా, పింగాణీ మీద తేమ పట్టినా కరెంటు పారుతుంది, కానీ రెండు వైపులా సమానంగా పారుతుంది. మొగ్గు చూపేది మంటొక్కటే. బోర్డు ఆ మొగ్గునే వెతుకుతుంది, అది దొరక్కపోతే క్షణాల్లో గ్యాసు కట్టేస్తుంది. ఇంత పట్టింపు అవసరమే. 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్‌లో బడి కింద చేరిన వాసన లేని గ్యాసు పేలి దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. గ్యాసులో ఘాటు వాసన కలపాలని టెక్సస్ చట్టం చేసింది ఆ తర్వాతే.

ఇంట్లో వాడే కొన్ని హెయిర్ స్ప్రేలు, సీలెంట్లలోని సిలికోన్ల ఆవిరి గాలితోపాటు బర్నర్‌లోకి వెళ్తే, కాలి సిలికా అవుతుంది. ఇసుకలో ఉండే పదార్థమే. అది ఊచ మీద కంటికి ఆననంత పల్చటి పొరగా పట్టినా చాలు, సందుకు అడ్డంగా గోడ కట్టినట్టే. కరెంటు 1 మైక్రోఆంపియర్ కిందికి పడితే చాలా బోర్డులు మంట లేదనుకుంటాయి.

ఫర్నేస్ స్విచ్, బ్రేకర్ రెండూ ఆపి, గ్యాసు కట్టేసి, ఊచను పట్టి ఉంచే ఒక్క స్క్రూ విప్పండి. సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి బిగించండి. గరుకు ఎమెరీ కాగితం వద్దు, గీతలు పడతాయి. పింగాణీ పగిలితే ఊచ మార్చాల్సిందే. పక్కనున్న ఇగ్నైటర్‌ను వేళ్లతో తాకకండి, ఇట్టే విరిగిపోతుంది. ఎర్త్ వైరు వదులైనా మంట ఇలాగే ఆరిపోతుంది, వెడల్పు బాట తెగినట్టు. గ్యాసు వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికెళ్లి, అక్కణ్నుంచి గ్యాసు కంపెనీకి ఫోన్ చేయండి.

బిగించాక మళ్లీ వేసి, బర్నర్ ముందున్న చిన్న గాజు కిటికీలోంచి అమ్మగారిని కూడా చూడమనండి. పది సెకన్లు దాటినా నీలం మంట నిలబడి, అందులో ఊచ కొస ఎర్రగా కాలుతూ కనిపిస్తుంది.