ర్యోకాన్ వేడినీళ్ల వెనక ఉన్న సైన్స్

ర్యోకాన్ అంటే జపాన్‌లో పాత పద్ధతిలో నడిచే బస. వేడినీటి ఊట ఉన్న ఏ ర్యోకాన్‌కి వెళ్లినా, స్నానానికి ముందు బట్టలు మార్చుకునే గదిలో గోడకి ఒక కాగితం తగిలించి ఉంటుంది. లోపలి కొలనులోకి వచ్చే నీటికి చేసిన ల్యాబ్ పరీక్ష రిపోర్ట్ అది. ఊట దగ్గర నీళ్ల వేడి ఎంత, పీహెచ్ ఎంత, కిలో నీటిలో సోడియం, కాల్షియం, ఇనుము, క్లోరైడ్, సల్ఫేట్ ఎన్నెన్ని మిల్లీగ్రాములు, పరీక్ష ఏ తేదీన చేశారు, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ గదిలో ఫోన్ బయటికి తీయకూడదు కాబట్టి ఫొటో తీసి అనువదించుకోవడం కుదరదు. కానీ రిసెప్షన్‌లో అడిగితే చెబుతారు, చాలా ర్యోకాన్లు తమ వెబ్‌సైట్‌లోనే పెడతాయి. రూమ్ కిటికీలోంచి కొండ కనిపిస్తుందా, రాత్రి భోజనంలో ఎన్ని వంటకాలు ఉంటాయి అని చూసే ముందు ఈ రిపోర్ట్ చూడమంటాను నేను. తతామి చాపలు పరిచిన గది, యుకాతా అనే నూలు అంగీ, రాత్రి మనం భోజనానికి వెళ్లొచ్చేలోపు నేల మీద పరిచి ఉంచే పరుపు, ఇవన్నీ ఊట లేని ర్యోకాన్లలో కూడా దొరుకుతాయి. నీళ్లు మాత్రం ఏ ఊరివి ఆ ఊరివే. ఆ తేడా ఆ ఊరి కింద భూమిలో ఏం జరుగుతోందో దాన్నుంచి వస్తుంది.

ఇలాంటి ఊటని జపాన్‌లో ఒన్సెన్ అంటారు. అసలు ఏ నీటిని ఒన్సెన్ అనవచ్చో అక్కడ 1948లోనే చట్టం చేశారు. భూమిలోంచి వచ్చేటప్పుడు 25 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, లేదా చట్టంలో రాసిన 19 రకాల పదార్థాల్లో కనీసం ఒకటి చెప్పిన మోతాదులో ఉండాలి. రెండూ ఉండాల్సిన పని లేదు. అందుకే చల్లటి నీటికి కూడా ఒన్సెన్ హోదా రావచ్చు, అప్పుడు దాన్ని కాచి కొలనులోకి వదులుతారు. భూమి లోపలికి వెళ్లేకొద్దీ ప్రతి 100 మీటర్లకి సుమారు 3 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది కాబట్టి, వెయ్యి మీటర్లకి పైగా బోరు వేస్తే అగ్నిపర్వతం లేని చోట కూడా 25 డిగ్రీల నీళ్లు తగిలే అవకాశం ఉంది. టోక్యో నగరంలోనే ఓతా వార్డులో కాఫీ రంగు నీళ్లతో స్నానాల గదులున్నాయి. ఎప్పుడో భూమిలో కూరుకుపోయిన మొక్కలు కుళ్లి ఏర్పడిన పదార్థాలు కరగడం వల్ల వచ్చిన నలుపు అది.

జపాన్‌లో 111 క్రియాశీల అగ్నిపర్వతాలున్నాయి కాబట్టి ఊటలన్నీ వాటి పుణ్యమే అనుకుంటాం. చాలావరకు నిజమే. వాన నీరు పగుళ్లలోంచి లోపలికి ఇంకి, శిలాద్రవం వేడికి కాగి, దాని వాయువుల్ని కొంత కలుపుకుని పైకి వస్తుంది. క్యుషు దీవిలోని బెప్పులో ఇలాంటి ఊటలు 2,000కి పైగా ఉన్నాయి. అక్కడి కన్నావా వీధుల్లో పైపుల్లోంచి, కాలవల మూతల్లోంచి కూడా ఆవిరి వస్తుంటుంది, ఆ ఆవిరి మీదే కూరగాయలు, గుడ్లు ఉడికిస్తారు.

కానీ నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది కోబె నగరం వెనక కొండల్లో ఉన్న అరిమా. దాని చుట్టుపక్కల అగ్నిపర్వతమే లేదు. అయినా అక్కడ 100 డిగ్రీలకి దగ్గరగా కాగుతూ, సముద్రం కంటే ఉప్పగా ఉండే నీళ్లు వస్తాయి. పైకి వచ్చేటప్పుడు తేటగానే ఉండి, గాలి తగలగానే అందులోని ఇనుము తుప్పుగా మారడం వల్ల ఎర్రమట్టి రంగుకి తిరుగుతాయి. ఈ నీటిలోని ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపుల (అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి వాన నీటితోనూ కలవదు, సముద్రపు నీటితోనూ కలవదు. శాస్త్రవేత్తలు దీనికి చెప్పే వివరణ ఏంటంటే, ఫిలిప్పీన్ సముద్రపు పలక (భూమి పైపొరలో ఒక భారీ ముక్క) జపాన్ కిందికి దూరుతూ, ఒకప్పటి సముద్రగర్భపు రాళ్లలో బంధించి ఉన్న నీటిని కూడా తనతో తీసుకెళ్తుంది. పదుల కిలోమీటర్ల లోతుకి వెళ్లాక అక్కడి వేడికీ ఒత్తిడికీ ఆ ఖనిజాలు తమలోని నీటిని వదిలేస్తాయి, అది పగుళ్లు వెతుక్కుంటూ అరిమా వీధిలోకి వస్తుంది. ఒక ఊళ్లో సాయంత్రం పూట మెడ దాకా మునిగి కూర్చున్న నీరు భూమి పలకలోంచి పిండిన నీరు అని తెలిస్తే ఆ స్నానం వేరేలా ఉంటుంది, నేను మనస్ఫూర్తిగా చెబుతున్న మాట ఇది. అగ్నిపర్వతం లేకుండా వేడినీళ్లు రావడం మనకీ తెలిసిన విషయమే, భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున గుండాలలో వచ్చేవి అలాంటివే. కాకపోతే గోదావరి లోయలోది లోతుకి ఇంకిన నీరు అక్కడి వేడికి కాగి తిరిగి పైకి రావడం, అరిమాది వేరే దారి.

ఇక గున్మా రాష్ట్రంలోని కుసాత్సు. అక్కడి నీటి పీహెచ్ 2కి దగ్గర, అంటే దాదాపు నిమ్మరసం అంత పులుపు. కుసాత్సు-షిరానే అగ్నిపర్వతం నుంచి వచ్చే గంధకపు వాయువులు, హైడ్రోజన్ క్లోరైడ్ భూగర్భ జలంలో కరిగి సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలుగా మారతాయి. ఇనుప మేకుని ఆ నీటిలో వేస్తే కొన్ని రోజుల్లోనే అరిగి సన్నబడిపోతుంది. మామూలు బాక్టీరియా ఆ నీటిలో బతకడం కష్టం, అయినా ఊరి మధ్యలోని నీటి కాలవల్లో ఆమ్లాన్ని తట్టుకునే నాచు పచ్చగా పెరుగుతుంది. ఊట దగ్గర నీళ్లు 50 డిగ్రీలకి పైనే ఉంటాయి, మనిషి దిగలేడు. చన్నీళ్లు కలిపితే ఖనిజాలు పలచబడిపోతాయని అక్కడివాళ్లు ఒప్పుకోరు. అందుకని ఊరి నడుమ పొడుగాటి చెక్క తొట్ల మీదుగా నీటిని పారించి చల్లారుస్తారు. కొలను దగ్గర ఇంచుమించు మనిషంత పొడుగున్న చెక్కలతో అందరూ కలిసి పాట పాడుతూ నీటిని తిరగేస్తారు, నీరు ఎంత గాలికి తగిలితే అంత ఆవిరై వేడిని తీసుకుపోతుంది. ఇప్పుడు టూరిస్టుల కోసం ప్రదర్శనలా చేస్తున్నా, దాని వెనకున్న ఫిజిక్స్ మాత్రం నిక్కమైనది. 1876లో టోక్యోలో వైద్యం బోధించడానికి వచ్చిన జర్మన్ డాక్టర్ ఎర్విన్ బెల్జ్ కుసాత్సు నీటి గురించి యూరప్‌కి గట్టిగా చెప్పినవాళ్లలో ఒకరు.

ఈ ఆమ్లం స్నానం దగ్గరే ఆగిపోదు కదా, నదిలోకి వెళ్తుంది. ఒకప్పుడు కింద అగత్సుమా నదిలో చేపలు బతికేవి కావు, పంటలకి ఆ నీరు పనికొచ్చేది కాదు, వంతెనల కాంక్రీట్ తినేసేది. 1964 నుంచి అక్కడ నదిలో సున్నపురాయి పొడి కలిపిన నీటిని రోజూ, ఆపకుండా, పోస్తూనే ఉన్నారు, రోజుకి పదుల టన్నులు. ఆమ్లం, సున్నం కలిసి ఏర్పడిన మడ్డి కింద షినాకి డ్యామ్‌లో చేరుతుంది, దాన్ని తవ్వి తీస్తుంటారు. ఒన్సెన్ ఊరి అందమైన ఫొటోల్లో ఈ ఫ్యాక్టరీ కనిపించదు, కానీ ఊరికి వెళ్లినవాళ్లు అదీ చూడాలి.

రంగుల సంగతి త్వరగా చెప్తాను. పాలలాంటి తెలుపు అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలితో కలిసి సన్నటి గంధకపు రేణువులుగా మారడం, కుళ్లిన గుడ్డు వాసన కూడా ఆ వాయువుదే. లేత నీలం చాలాచోట్ల సిలికా రేణువులు వెలుతురుని చెదరగొట్టడం వల్ల వస్తుంది. గంధకపు నీళ్లలోకి వెండి గొలుసు, పట్టీలు, మెట్టెలు వేసుకుని దిగితే నల్లబడిపోతాయి, ముందే తీసి లాకర్లో పెట్టండి. చర్మం నున్నగా అనిపించే నీళ్లు సాధారణంగా క్షారగుణం ఉన్నవి, ఒంటి మీది నూనెలో కొంత నిజంగానే సబ్బుగా మారుతుంది. ఎక్కువసేపు ఉంటే చర్మం పొడిబారుతుంది కూడా.

శరీరం మీద పనిచేసే వాటిలో ముందు చెప్పుకోవాల్సింది ఖనిజాలు కాదు, నీటి బరువు, వేడి. మెడ దాకా నీటిలో ఉంటే బయటి ఒత్తిడికి కాళ్లలోని, పొట్టలోని రక్తం సుమారు 700 మిల్లీలీటర్లు ఛాతీ వైపుకి జరుగుతుంది. అదే సమయంలో వేడికి చర్మం కింది రక్తనాళాలు విప్పారతాయి. ఇప్పుడు గబుక్కున లేచి నిలబడ్డారనుకోండి, నీటి ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది, రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందుకే మెల్లగా లేవాలి, అందుకే తాగి దిగకూడదు, అందుకే దిగే ముందు చిన్న తొట్టితో కాళ్ల మీద మొదలుపెట్టి ఒంటి మీద నీళ్లు పోసుకుంటారు. చలికాలంలో చల్లటి గదిలో బట్టలు విప్పి నేరుగా 42 డిగ్రీల నీటిలోకి దిగడం పెద్దవాళ్లకి నిజంగా ప్రమాదం. జపాన్‌లో ఏటా వేలమంది వృద్ధులు స్నానాల తొట్లలో చనిపోతున్నారు, ఎక్కువమంది సొంత ఇళ్లలో, ఎక్కువగా చలికాలంలో. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు, ముఖ్యంగా బీపీ మాత్రలు, గుండె మందులు వాడేవాళ్లని, ముందు డాక్టర్‌ని అడిగి, 40 డిగ్రీలు దాటని కొలనులో కొద్ది నిమిషాలే ఉంచండి, ఒంటరిగా పంపకండి.

మంచి సంగతి నిద్ర. 2019లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంతకుముందు వచ్చిన అధ్యయనాల్ని కలిపి చూస్తే, పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీటిలో కాసేపు ఉన్నవాళ్లకి నిద్ర సగటున 10 నిమిషాలు ముందే పట్టింది. స్నానం తర్వాత చేతులు, కాళ్లలోంచి వేడి బయటికి పోతూ లోపలి ఉష్ణోగ్రత తగ్గుతుంది, మెదడుకి అది నిద్రవేళ అని సంకేతం. భోజనం తర్వాత ఇంకోసారి స్నానం చేసి పడుకునే ర్యోకాన్ అలవాటు దీనికి చక్కగా సరిపోతుంది.

మరి రోగాలు నయమవుతాయా? యమనాషిలోని కెయున్‌కాన్ అనే ర్యోకాన్ 705లో మొదలైంది, ప్రపంచంలోనే పాత హోటల్‌గా గిన్నిస్ గుర్తించింది. అన్ని వందల ఏళ్లుగా పనులు అయిపోయిన రైతులు వారాల తరబడి ఇలాంటి ఊళ్లలో ఉండి ఒళ్లునొప్పులు తగ్గించుకుని వెళ్లేవారు. వేడి వల్ల కండరాల నొప్పి, కీళ్ల బిగువు తగ్గడం నమ్మదగిన విషయమే. ఖనిజాలు చర్మంలోంచి పెద్దగా లోపలికి వెళ్లవు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం వెళ్తుంది, ఒయితాలోని నగాయులాంటి బుడగల నీళ్లలో చర్మం ఎర్రబడటానికి కారణం అదే. అంతకు మించిన మాటలు బోర్డు మీద ఎంత గట్టిగా రాసినా నేను నమ్మను, వాడుతున్న మందులు ఆపమని ఎవరైనా చెబితే అసలు వినకండి.

మొదట్లో చెప్పిన ల్యాబ్ రిపోర్ట్ పక్కనే ఇంకో నోటీసు ఉంటుంది. 2004లో నాగానో రాష్ట్రంలో పేరున్న ఒక ఒన్సెన్ ఊళ్లో నీళ్లు తెల్లగా కనపడటానికి పొడి కలుపుతున్నట్టు బయటపడి దేశమంతా గొడవైంది. తర్వాతి ఏడాది నుంచి నీళ్లు కలుపుతున్నారా, వేడి చేస్తున్నారా, వాడిన నీటినే ఫిల్టర్ చేసి తిప్పుతున్నారా, క్లోరిన్ వేస్తున్నారా అనేది రాసి పెట్టాల్సిందే. ఊట నీరు ఒక వైపు వచ్చి ఇంకో వైపు పొర్లిపోయే కొలనుని కకెనగాషి అంటారు, దొరికితే అదే ఎంచుకోండి. అలాగని క్లోరిన్ వాసన వస్తే చిన్నచూపు చూడకండి. తిప్పి వాడే గోరువెచ్చటి నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, మనం పీల్చే ఆవిరి తుంపరలతో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెస్తుంది.

పొద్దున టిఫిన్‌లో ఒన్సెన్ గుడ్డు పెడతారు, తెల్లసొన వణుకుతూ, పచ్చసొన గట్టిపడి ఉంటుంది, మనం ఇంట్లో హాఫ్ బాయిల్ చేసుకునేదానికి తలకిందులు. పచ్చసొన 65 నుంచి 70 డిగ్రీల మధ్య గట్టిపడుతుంది, తెల్లసొనలోని ముఖ్యమైన ప్రోటీన్ పూర్తిగా బిగుసుకోవడానికి 80 డిగ్రీలు కావాలి. ఊట నీరు సుమారు 68 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే అరగంటలో ఈ గుడ్డు తయారు. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే చెప్పండి, సూప్‌లో, కూరల్లో, చివరికి సాస్‌లో కూడా ఎండు చేప పులుసు ఉంటుంది, అక్కడికి వెళ్లాక చెబితే వాళ్లు ఏమీ చేయలేరు.

నలుగురిలో బట్టలు లేకుండా స్నానం అంటే మనలో చాలామందికి టెన్షన్. గంట లెక్కన కుటుంబానికి విడిగా ఇచ్చే చిన్న కొలనులు చాలా ర్యోకాన్లలో ఉంటాయి, చెక్-ఇన్ అప్పుడే టైమ్ రాయించుకోవాలి, సాయంత్రం వేళలు ముందే అయిపోతాయి. పెద్ద కొలనుకి వెళ్లేట్టయితే ముందు షవర్ దగ్గర కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కోండి, జుట్టు ముడివేసుకోండి, చిన్న టవల్ నీటిలో ముంచకండి. కొన్ని చోట్ల ఆడవాళ్ల, మగవాళ్ల కొలనులు రాత్రికీ పొద్దుటికీ మారుస్తారు, కాబట్టి పొద్దున నిద్రమత్తులో నిన్నటి తలుపులోకే వెళ్లకుండా గుమ్మానికి వేలాడే తెర రంగు చూసుకోండి, మగవాళ్లకి సాధారణంగా నీలం, ఆడవాళ్లకి ఎరుపు.