నిద్ర పడ్తలేదంటే ఎవరు విన్నారు?

"అవ్వా, రాత్రి నిద్ర పడ్తలేదే."

పాలమూరు హాస్టల్‌లో ఉన్న పిల్ల ఆదివారం ఫోన్‌లో ఈ మాటంటే, ముంబైకి కూలికి పోయిన తల్లి ఏమంటుంది? "మంచిగ చదువుతున్నవు బిడ్డా, అందుకే." ఆమెను తప్పుపట్టలేం. నిద్ర మానుకోవడమే శ్రద్ధ అని మనందరం ఎప్పుడో ఒప్పేసుకున్నాం.

1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం తెరిచారు. వలస పోయే ఇళ్ల పిల్లలకు హాస్టల్ అనేదే లేకుంటే చదువే లేదు. లెక్క మారింది 1986లో ఎంసెట్ వచ్చాక. ర్యాంకుల కాలేజీలు పెరిగాయి. రాత్రి స్టడీ అవర్ ఒక పక్క, తెల్లవారుజాము స్టడీ అవర్ ఇంకో పక్క నిద్రను కొరుక్కు తిన్నాయి. విద్యార్థుల ఆత్మహత్యలు ఆగకపోతే, వాటి కారణాలు చూడమని ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడూ రచ్చంతా మార్కుల మీదే.

టీనేజ్ వయసులో ఒంటికి నిద్ర సహజంగానే ఆలస్యంగా వస్తుంది, అది బద్ధకం కాదు. కావాల్సింది 8 నుంచి 10 గంటలు. పదకొండున్నరకు పడుకుంటే, నాలుగున్నరకు బెల్లు. దక్కేది ఐదు. కలల నిద్ర ఎక్కువగా పట్టేది తెల్లవారుజామునే, బెల్లు తెంపేదీ దాన్నే. ఫిన్లాండ్‌లో 36 వేల మందికి పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, తరచూ పీడకలలు వచ్చేవారిలో ఆత్మహత్య ముప్పు ఎక్కువని 2001లో చెప్పారు. పీడకలే ప్రాణం తీస్తుందని కాదు. లోపలి బాధ నోటికి రాకముందే కలలో బయటపడొచ్చు.

ఊళ్లో పీడకల వస్తే తాయెత్తు కడతారు. దాన్ని నేను వెక్కిరించను. కట్టే ముందు నాయనమ్మ "ఏం కలొచ్చింది బిడ్డా?" అని పక్కన కూర్చుని అడిగేది. నలభై ట్రంకు పెట్టెలున్న హాలులో అలా అడిగేవాళ్లెవరు?

2022 అక్టోబర్‌లో టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వచ్చింది. నంబర్ 14416, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు. హాస్టల్‌లో మాత్రం ఆ వేళకు ఫోన్ వార్డెన్ మేడమ్ గదిలో ఉంటుంది, గదికి లోపల గడియ.