గది ఒకరిది, జాగ్రత్త ఇంకొకరిది: మన బళ్లలో కంప్యూటర్ చదువు వెనుక కథ

జూన్ రెండో వారంలో బడి తెరిచి, కంప్యూటర్ గది తాళం తీసి స్విచ్ వేస్తే చాలాచోట్ల ముందుగా కనిపించేది తప్పుడు తేదీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది. దాని పేరు సీఆర్ 2032, 3 వోల్టులది, ధర యాభై రూపాయల లోపే. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు దాని మీద భారం పడదు. మన బళ్లలో రోజూ సాయంత్రం మెయిన్ ఆపేస్తారు, ఎండాకాలం సెలవుల్లో నెలన్నర పైగా ఆగే ఉంటుంది. ఇంటి కంప్యూటర్లో ఐదేళ్లు వచ్చే సెల్ ఇక్కడ అంతకాలం రాకపోవడానికి కారణం ఇదే.

సెల్ చచ్చిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. సైటు అసలుదేనని బ్రౌజరుకు తెలిపే వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలకు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. కంప్యూటర్ వెనుకటి సంవత్సరంలో ఉంటే ప్రతి ధ్రువపత్రం 'ఇంకా చెల్లదు' అనిపిస్తుంది, తెర మీద ఎర్రటి హెచ్చరిక వస్తుంది. కొత్త బ్రౌజర్లు గడియారం వెనకబడిందని చెప్పి ఆపేస్తాయి. పాతవి మాత్రం 'అయినా సరే వెళ్లు' అన్న దారి చూపేవి. పిల్లలకు ఆ బటన్ నొక్కడం అలవాటైంది, పీరియడ్ అయిపోతోందని సార్లే నొక్కించిన సందర్భాలూ ఉన్నాయి. అలా హెచ్చరికను లెక్కచేయకపోవడం కంప్యూటర్ గదిలోనే నేర్పించాం. సెల్ మార్చే పని ఎవరిదో తేలకపోవడమే ఇందుకు కారణం. ఎందుకు తేలలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

దేశంలో బడి పిల్లలకు కంప్యూటర్ చూపించే ప్రయత్నం 1984లో 'క్లాస్' పేరుతో మొదలైంది. మొదటి విడతలో దాదాపు 250 బళ్లకు బీబీసీ మైక్రో యంత్రాలు ఇచ్చారు. వాటి మెమొరీ 32 కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే 'గుడ్ మార్నింగ్' బొమ్మ కూడా అందులో పట్టదు. మీట వేయగానే బేసిక్ భాష సిద్ధంగా ఉండేది, పిల్లవాడు ఆదేశం టైపు చేస్తే తప్ప అది ఏమీ చేసేది కాదు. నెట్ లేదు కాబట్టి భద్రత అన్న మాటే పుట్టలేదు.

అసలు విస్తరణ 2004 డిసెంబరులో కేంద్రం తెచ్చిన 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకంతో మొదలైంది. 2010లో సవరించాక లెక్క ఇదీ: బడికి 10 కంప్యూటర్లు, ఖర్చులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25. పద్ధతి పేరు 'బూట్'. ప్రైవేటు సంస్థే గది సిద్ధం చేసి, యంత్రాలు పెట్టి, బోధకులను నియమించి, ఐదేళ్లు నడిపి, తర్వాత బడికి అప్పగించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే, 2008లో, సుమారు 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఈ బూట్ పద్ధతిలోనే వెళ్లాయి. ఆ ఐదేళ్లూ గదిలో ఒక బోధకుడైనా ఉండేవాడు. 2013లో ఒప్పందాలు ముగిశాక బోధకులు వెళ్లిపోయారు. యంత్రాలు బడి స్టాక్ రిజిస్టరులోకి ఎక్కాయి, గది తాళం చెవి లెక్కల సారుకో భౌతికశాస్త్రం సారుకో దక్కింది. అప్పగింత అంటే కాగితం మీద సంతకం. సెల్ ఎవరు మార్చాలి, యూపీఎస్ బ్యాటరీకి డబ్బు ఎక్కడిది, పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గరున్నాయి అన్నవి ఆ కాగితంలో పట్టలేదు. ఐదేళ్లు నిండిన యంత్రానికి సరిగ్గా మరమ్మతులు మొదలయ్యే సమయంలోనే మనిషిని తీసేయడం ఈ పద్ధతిలోని అసలు లోపం.

పది యంత్రాల లెక్క కూడా చూడండి. తరగతిలో 40 మంది, ఒక్కో యంత్రానికి నలుగురు. పీరియడ్ 45 నిమిషాలు. వరుసలో రావడానికి, యంత్రం మొదలవడానికి పది పోతాయి. మిగిలింది పంచితే పిల్లవాడి చేతికి మౌస్ తొమ్మిది నిమిషాల కన్నా తక్కువే వస్తుంది, అదీ పదీ పనిచేస్తే. కరెంటు సంగతి సరేసరి. ఒక మామూలు 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది. ఒక్క కంప్యూటర్‌ను పది పదిహేను నిమిషాలు మోస్తుంది, రెండు తగిలిస్తే ట్రిప్ అవుతుంది. సెలవుల్లో ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద సల్ఫేట్ పేరుకుని మళ్లీ ఛార్జింగ్ పట్టదు. సెలవుల్లో నెలకోసారి ఎవరైనా వెళ్లి ఒక పూట ఛార్జింగ్ పెడితే చాలు.

కేబినెట్ ముట్టుకుంటే చేయి జిల్లుమంటోందని పిల్లలు అంటే కొట్టిపారేయొద్దు. పవర్ సప్లయ్‌లో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు డబ్బాకు కలిసి ఉంటాయి. ఎర్తింగ్ బాగుంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీద 230లో సగం, సుమారు 115 వోల్టులు నిలబడతాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి దానితో ప్రాణం పోదు. కానీ ఎర్తింగ్ తెగిందన్న కబురు అది. వేరే లోపం వచ్చిన రోజు కాపాడేది ఏమీ ఉండదు. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి వదిలేస్తే సరిపోదు, ఎండాకాలం నీళ్లు పోయాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే 2, 3 వోల్టులు దాటకూడదు.

ఆ రోజుల్లో గదికి వచ్చిన మొదటి 'ఆన్‌లైన్' ప్రమాదం నెట్ లేకుండానే వచ్చింది, పెన్‌డ్రైవ్ మీద. విండోస్ ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అది ఫైలు నడిపే సౌకర్యం ఉండేది. సారు జిరాక్స్ షాపులో ప్రశ్నపత్రం ప్రింటు తీయించుకుని వచ్చేవారు, దాంతో వైరస్ కూడా వచ్చేది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయేవి. ఫైళ్లు పోలేదు, దాగి ఉన్నాయంతే. అట్రిబ్ ఆదేశంతో దాచిన గుర్తు తీసేస్తే తిరిగి కనబడతాయి. చాలామంది ఫార్మాట్ కొట్టి అన్నీ పోగొట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో ఆ సౌకర్యాన్ని ఆపే అప్‌డేట్ ఇచ్చింది. నెట్ లేని గదికి అప్‌డేట్ ఎలా వస్తుంది? 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకే మద్దతు ఆగిపోయింది, మన గదుల్లో మాత్రం అది నడుస్తూనే వచ్చింది.

ఈలోగా బడి బయట వేరే చదువు నడిచింది. హనుమకొండలో నెట్ సెంటర్లు, ఊళ్లలో మీసేవా కేంద్రాలు. ఫలితాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఎంసెట్ వెబ్ ఆప్షన్లు అన్నీ అక్కడే. పాస్‌వర్డ్ అనేది సెంటర్ అబ్బాయి పెట్టి, హాల్‌టికెట్ వెనక రాసిచ్చేది అని ఒక తరం నమ్మింది. ఆ పాస్‌వర్డ్ ఎవరిది, ఎవరు మార్చగలరు అని అడగాలని ఎవరూ చెప్పలేదు. తెలుగు విషయమూ అంతే. ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు ఉంది, 1991 నుంచీ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రమాణం ఉంది. అయినా గదిలో తెలుగు టైపు నేర్పిన చోట్లు తక్కువ. కంప్యూటర్ అంటే ఇంగ్లిష్ అన్న భయం అక్కడే పడింది. హెచ్చరిక తెలుగులో చదివిన పిల్లవాడు 'సరే' నొక్కే ముందు కాస్త ఆగుతాడని మా నమ్మకం.

2016 రెండు మార్పులు తెచ్చింది. సెప్టెంబరు 5న జియో వచ్చి డేటా చవకైంది. నవంబరులో నోట్ల రద్దు తర్వాత ఫోన్‌లో డబ్బు పంపడం కిరాణా కొట్టు దాకా పాకింది. అదే నవంబరులో తెలంగాణ ప్రభుత్వం బళ్లలో డిజిటల్ పాఠాలు మొదలుపెట్టింది. ప్రొజెక్టర్ వెలుగులో పాఠం చూడటం మంచిదే, కానీ అందులో పిల్లవాడి చేయి దేన్నీ తాకదు. ఇంట్లో మాత్రం తాకుతోంది, నేర్పేవాళ్లు లేకుండా.

2020 సెప్టెంబరు 1న కరోనా మధ్య దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు ఫోన్ అధికారికంగా బడి సామాను అయింది. హోంవర్కు కోసం తరగతికో వాట్సాప్ గ్రూపు పెట్టారు. గ్రూపులో చేరిన ప్రతి ఇంటి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. ఆ ఫోన్లు పిల్లలవి కావు, అన్నలవీ బాబాయిలవీ. ఆడపిల్లలకు తెలియని నంబర్ల నుంచి మెసేజ్‌లు రావడానికి ఇది సూటి దారి. మామూలు గ్రూపులోనే సార్లు మాత్రమే రాసేలా సెట్టింగు పెడితే అల్లరి మెసేజ్‌లు ఆగుతాయి, నంబర్లు కనబడటం ఆగదు. నంబరు దాచాలంటే బ్రాడ్‌కాస్ట్ జాబితాగానో ఛానెల్‌గానో పెట్టాలి.

జాగ్రత్త నేర్పే పని అప్పుడు పోలీసు వైపు నుంచి వచ్చింది. 2014లో మొదలైన షీ టీమ్స్, 2020 జులైలో మహిళా భద్రతా విభాగం నడిపిన సైబ్‌హర్ ప్రచారం, ఆ తర్వాత విద్యాశాఖతో కలిసి 33 జిల్లాల్లో 1,650 బళ్ల నుంచి ఇద్దరేసి విద్యార్థులకు శిక్షణ ఇచ్చిన సైబర్ కాంగ్రెస్. ఇవి మంచి పనులే. అయితే పోలీసు చెప్పే పాఠం నేరం దగ్గర మొదలవుతుంది, అలవాటు దగ్గర కాదు. పిల్లలకు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 నోటికి వచ్చింది, లాగౌట్ చేయడం రాలేదు. గది విద్యాశాఖది, జాగ్రత్త పోలీసుది. రెండూ ఒకే పీరియడ్‌లో కూర్చోలేదు.

కూర్చోబెట్టాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి యంత్రంలో అడ్మిన్ ఖాతా సారు దగ్గరే ఉంచి, పిల్లలకు మామూలు ఖాతా ఇవ్వాలి. అప్పుడు చాలా ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ కావు, చాలా వైరస్‌లు గడప దగ్గరే ఆగుతాయి. జీమెయిల్ తెరిచేది క్రోమ్ గెస్ట్ విండోలోనే. మామూలు విండోలో ఒక పాప తన ఖాతాతో చేరి, ఖాతాలోని వివరాలను ఆ యంత్రంలోకి తెచ్చే సింక్‌కు 'సరే' అంటే, ఆమె సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు తర్వాత కూర్చున్న నలుగురి ముందూ తెరిచి ఉంటాయి. గెస్ట్ విండో మూయగానే లాగిన్, చూసిన సైట్ల చరిత్ర పోతాయి. గోడ మీద రాసిన ఉమ్మడి పాస్‌వర్డ్‌ను సున్నం కొట్టి చెరిపేయాలి. రికవరీ నంబరుగా ఇంట్లో నిలకడగా రీచార్జ్ అయ్యే నంబరే పెట్టించాలి. రీచార్జ్ లేక ఆగిపోయిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు ఓటీపీ వాళ్లకు వెళ్తుంది.

వెబ్ చిరునామా చదవడం ఒక పూర్తి పీరియడ్‌కు తగిన విషయం. మొదట వచ్చే జంట వాలు గీతల తర్వాత, మొదటి ఒంటి వాలు గీత ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి ఎడమకు చదవాలి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ అయితే ఆ గీతకు ఆనుకుని ముందు 'గవ్ డాట్ ఇన్' ఉండాలి. స్కాలర్‌షిప్ సైటు పేరైన 'ఈపాస్' అన్న మాట చిరునామాలో ఎక్కడో ఉంటే సరిపోదు, ఎవరైనా దాన్ని ముందు తగిలించుకోవచ్చు. ఏపీకే ఫైళ్ల (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) మోసం కూడా బోర్డు మీద గీసి చూపించాలి. పెళ్లి పత్రిక అనో, చలానా అనో వాట్సాప్‌లో వస్తుంది. ఇన్‌స్టాల్ చేయగానే ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే ఓటీపీ మన చెవిన పడకముందే వాళ్లకు చేరుతుంది. పెళ్లి పత్రికకు మన ఎస్సెమ్మెస్‌లతో ఏం పని? ఈ ఒక్క ప్రశ్న అడగడం నేర్పితే చాలు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి కాదు అన్నది ఇంటికెళ్లి అమ్మకు చెప్పే హోంవర్కు.

డబ్బు పోయాక చేసేది గంటలోపు చేయాలి. పోయిన సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకోదానికి మారి ఏటీఎంలో బయటికి రావడానికి ఎంతో సమయం పట్టదు. అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే 1930కి చెబితే బ్యాంకు ఆపగలదు. ఫోన్ చేసే ముందు చేతిలో ఉండాల్సినవి: లావాదేవీకి వచ్చిన 12 అంకెల నంబరు, మొత్తం, సమయం, మన బ్యాంకు పేరు. చాట్ చెరపొద్దు. 2021లో ఈ నంబరు 155260గా ఉండేది. ఆ పోస్టరు గోడ మీద ఇంకా ఉంటే చించేయండి. మనమే ఓటీపీ చెప్పి మోసపోతే, బ్యాంకుకు తెలియజేసే దాకా పోయినదంతా మనమే భరించాలి. రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధన అదే. సిగ్గుపడి రెండు రోజులు దాచడం అందుకే ఖరీదైన పని.

ఫోటోల విషయంలో బళ్లు చేసే తప్పు వేరు. ఒక అమ్మాయి అసభ్య ఫోటో ఫోన్లలో తిరుగుతోందని తెలిస్తే 'సాక్ష్యం కోసం నాకు పంపు' అంటారు. పిల్లల అశ్లీల చిత్రాన్ని ఎవరికి పంపినా ఐటీ చట్టం 67బి కిందికి వస్తుంది, మొదటి తప్పుకే ఐదేళ్ల దాకా జైలు. పంపించుకోవద్దు. ఖాతా పేరు, లింకు, సమయం కాగితం మీద రాసి, ఫోన్ అలాగే ఉంచాలి. కేంద్రం సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లల చిత్రాల ఫిర్యాదు పేరు చెప్పకుండానూ ఇవ్వొచ్చు, పిల్లల సహాయ నంబరు 1098కీ చెప్పొచ్చు. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఒకటి ఉంది. అది బొమ్మను తీసుకోదు, ఫోన్‌లోనే దాని వేలిముద్ర లాంటి సంఖ్య తయారుచేసి, సేవలో చేరిన వేదికలకు అదే పంపుతుంది. పరువు పేరుతో ప్రధానోపాధ్యాయుడి గదిలో సర్దుబాటు చేయడం కుదరదు. నేరం తెలిసి పోలీసుకు చెప్పకపోవడం పోక్సో చట్టం ప్రకారం నేరమే.

ఇప్పుడు కొత్త అంకం తయారవుతోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి రుజువుతో సహా కావాలంటుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ భాగానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ సమ్మతి ఓటీపీగా నాన్న నంబరుకు వస్తే, ఏటూరునాగారం అయినా పరకాల అయినా, నాన్న పొలంలో ఉంటాడు, ఫోన్ పిల్లవాడి చేతిలో ఉంటుంది.